గోడ మీద నార్మల్

ఫిబ్రవరి 4, మంగళవారం

నాకు కోపంగా లేదు. కోపంగా ఉంటే ఇలా కూర్చుని రాసేదాన్ని కాదు, ఈపాటికి వంటింట్లో రెండు గిన్నెలైనా సొట్టలు పడి ఉండేవి.

ఇవాళ స్కానింగ్ సెంటర్‌కి కొత్త మెషీన్ వచ్చింది. ఇంకా కొనలేదు, చూపించడానికి తెచ్చారు. దానితోపాటు కంపెనీ అమ్మాయి ఒకతె వచ్చింది. చూపించడానికి ఆరోగ్యంగా ఉన్న మనిషి కావాలి, ఎవరైనా పడుకుంటారా అని అడిగింది. "ఇంకెవరు, మా సీనియర్ ఉంది కదా" అన్నారు సార్. సార్ అంటే మా సెంటర్ పెద్ద డాక్టరు, రిపోర్టులన్నిటి మీదా సంతకం ఆయనదే. అని, నా వైపు చూసి నవ్వారు. ఆ నవ్వు ఎందుకో మా ఇద్దరికే తెలుసు. ట్రైనింగ్ గది గోడ మీద ఏడేళ్ళుగా 'నార్మల్' అని వేలాడుతున్న స్కానింగ్ బొమ్మ నాది. నేను కొత్తగా చేరిన రోజుల్లో తీసింది. గర్భాశయం, రెండు అండాశయాలు, మూడూ ఒకే ఫ్రేములో ముచ్చటగా కుదిరాయని సార్ తెగ మురిసిపోయి, పెద్దది చేయించి అద్దం కట్టించారు. నన్ను అడగలేదు. అడగకపోయినా నేను పొంగిపోయాను. ట్రైనీలు దాన్ని 'ఫ్యామిలీ ఫోటో' అంటారు. అది ఎవరిదో వాళ్ళకి తెలియదు.

పడుకున్నాను. జెల్ చల్లగా తగిలింది. "కొంచెం చల్లగా ఉంటుందమ్మా" అని రోజూ అందరికీ చెప్పే నేను, అది ఇంత చల్లగా ఉంటుందని మరిచేపోయాను. కంపెనీ అమ్మాయి ఒక చేత్తో పొట్ట మీద ఆనించే ప్రోబ్ పట్టుకుని, రెండో చేత్తో పొట్ట మీద నొక్కుతూ, ఇలా నొక్కినప్పుడు లోపలివన్నీ ఒకదాని మీద ఒకటి జారాలి, జారితే దేనికది విడిగా ఉన్నట్టు లెక్క అని గలగలా చెబుతోంది. నొక్కింది. మళ్ళీ నొక్కింది. మాట ఆపేసింది.

ఆ మౌనం నాకు కొత్త కాదు. ఇన్నేళ్ళుగా నేను వేరేవాళ్ళ దగ్గర వాడుతున్నదే. మొహం మారకూడదు, చెయ్యి ఆగకూడదు, స్క్రీన్ మెల్లిగా అవతలికి తిప్పెయ్యాలి. ఆ అమ్మాయి తిప్పేసింది. పాపం, పని బాగానే నేర్చుకుంది. కానీ తిప్పేలోపలే నేను చూసేశాను. ఎడమ అండాశయంలో గుండ్రంగా, బూడిద రంగులో, నిమ్మకాయంత తిత్తి. లోపలంతా పాత రక్తం. వెనకాల అన్నీ కలిసి ముద్దగా అతుక్కుని ఉన్నాయి. నొక్కితే ఏదీ జారడం లేదు.

"నెలసరి రోజుల్లో మీకు నొప్పి బాగా ఎక్కువగా ఉంటుందా అండీ?" అని వంగి నా చెవిలో అడిగింది.

లేదన్నాను. ఎప్పుడూ లేదన్నాను. నమ్మినట్టు తలూపింది కానీ నమ్మలేదు. అటు సార్ స్క్రీన్ మీద రంగులు ఎంత బాగున్నాయో ట్రైనీలకి చెబుతున్నారు. నేను లేచి పొట్ట తుడుచుకుని, మధ్యాహ్నం వచ్చిన వాళ్ళందరికీ స్కానింగ్ చేసి ఇంటికొచ్చాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఫిబ్రవరి 5

నాకు నొప్పి లేదు. ఎప్పుడూ లేదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఆడవాళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. లోపలి నుంచి చేసే స్కానింగ్ కూడా చేసి, ఎండోమెట్రియోసిస్ అంది. నాకు చెప్పాలా ఆ పేరు. గర్భాశయం లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది. నెలనెలా అక్కడే రక్తం కారుస్తుంది. చుట్టుపక్కల ఉన్నవాటన్నిటినీ బంకలా అతికించేస్తుంది. ఇలాంటి తిత్తులు ఎందరి పొట్టల్లోనో పట్టుకున్నాను. ఆ ఆడవాళ్ళందరూ నొప్పితో మెలికలు తిరుగుతూ వచ్చినవాళ్ళే. నేను మాత్రం బస్సు వెనక పరిగెత్తి ఎక్కే మనిషిని.

నెలసరిలో నొప్పి? లేదు. భర్తతో ఉన్నప్పుడు? లేదు. బాత్రూంకి వెళ్ళినప్పుడు? లేదు. ఎప్పుడైనా పనికి సెలవు పెట్టి పడుకున్నావా? లేదు. "బాగా గుర్తు తెచ్చుకుని చెప్పమ్మా" అంది. గుర్తు తెచ్చుకున్నాను. స్కూల్లో లాంగ్ జంప్‌లో మొదటి బహుమతి వచ్చింది ఆ రోజుల్లోనే. అదే చెప్పాను. అయితే నొప్పిని భరించే శక్తి నీకు ఎక్కువ అయ్యుంటుంది అంది.

ఒళ్ళు మండిపోయింది. అంటే నాకు నొప్పి ఉంది, ఆ సంగతి నాకే తెలియదన్నమాట. నా ఒంటి గురించి నాకంటే ఈవిడకే ఎక్కువ తెలుసన్నమాట. మొన్న తలుపు సందులో వేలు పడితే వీధి చివరి ఇంటికి వినపడేలా అరిచాను. భరించే శక్తి అట.

ఆ తర్వాత కాస్త దారికొచ్చింది. కొందరికి అసలేమీ తెలియదు, వేరే దేనికోసమో చూస్తే బయటపడుతుంది, అందుకే ఆలస్యం అవుతుంది అంది. నొప్పి లేనప్పుడు తొందరపడి కోయనక్కర్లేదు, తిత్తి కోస్తే దాంతోపాటు మంచి భాగం కూడా పోవచ్చు అంది. కానీ పిల్లలు కావాలంటే ఇక ఆలస్యం చెయ్యొద్దు, మీ ఆయనకి కూడా మళ్ళీ పరీక్షలు చేయించండి అంది. ఇక! నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్న మనిషితో ఇక ఆలస్యం చెయ్యొద్దు అంటే ఏం చెప్పాలి. చెప్పులు వేసుకుని వచ్చేశాను.

సాయంత్రం మా ఆయనకి చెప్పాను. ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. ఏ లిఫ్టు ఎక్కడ ఆగిపోయిందో చప్పుడు విని చెప్పగలరు కానీ మనిషి చెప్పేది వినడానికి కొంచెం టైం పడుతుంది. అంతా విన్నారు. "అంటే, నీలో కూడా ఉందన్నమాట" అన్నారు. తువ్వాలు తీసుకుని బాత్రూంలోకి వెళ్ళారు.

వేడినీళ్ళ కుళాయి తిప్పారు.

నాలుగేళ్ళుగా ఆయన వేడినీళ్ళు పోసుకోలేదు. పెళ్ళయిన రెండో ఏడు పరీక్షలు చేసి, ఆయనకి వీర్యకణాలు కొంచెం తక్కువగా ఉన్నాయన్నారు. నాది నార్మల్ అన్నారు. అప్పటి నుంచి మాత్రలు, ఒంటికి వేడి తగలకూడదని వదులు బట్టలు, ఎంత చలిలోనైనా చన్నీళ్ళు. నేను ఆయన్ని ఒక్కనాడు ఒక్క మాట అనలేదు. ఇవాళ బాత్రూం తలుపు కిందినుంచి ఆవిరి వస్తోంది. లోపల మనిషి పాట కూడా అందుకున్నాడు. నాకు జబ్బు ఉందని తెలిసిన రోజున ఇంట్లో పాట! వంటింట్లో నిలబడి పళ్ళు నూరుకున్నాను.

గిన్నె ఒకటి పగిలింది. అది పింగాణీది.

ఫిబ్రవరి 9, ఆదివారం

అమ్మ ఫోన్. మా ఆయన చెప్పారట. "అంత నొప్పి పెట్టుకుని నాకు ఒక్క మాట చెప్పలేదేమే?" అని ఏడుపు. నొప్పి లేదమ్మా అన్నాను. నొప్పి లేకుండా జబ్బు ఎలా ఉంటుందే అంది. ఉంటుందట అన్నాను. నన్ను బాధపెట్టకూడదని దాస్తున్నావు, నాకు తెలుసు, చిన్నప్పటి నుంచీ నువ్వంతే అంది. చిన్నప్పటి నుంచీ నేను అంతే కాదు. చీమ కుడితే ఊరంతా తిరిగి చెప్పిన పిల్లని. ఆ మాట ఆవిడే నూరుసార్లు చెప్పి నవ్వింది. ఇవాళ మాత్రం ఆవిడకి నవ్వు రాలేదు.

మధ్యాహ్నం వదిన వచ్చింది. మా ఆయన అక్క. ఒక్కొక్కరికి చెప్పుకుంటూ పోయారన్నమాట అయ్యగారు. వదిన నా చెయ్యి పట్టుకుని, పోనీలే, ఏదైతేనేం, నిజం బయటపడింది అంది. నా తమ్ముడు ఈ నాలుగేళ్ళూ ఎంత మొహం చిన్నబుచ్చుకుని తిరిగాడో అంది. మా ఆయన కిటికీలోంచి బయటకి చూస్తున్నారు. టీ ఇచ్చాను. చక్కెర వెయ్యకుండా ఇచ్చాను, అంతవరకే చేతనైంది.

అందరికీ నా దగ్గర నొప్పి కావాలి. డాక్టరమ్మకి, అమ్మకి, ఆ కంపెనీ అమ్మాయికి. నొప్పి ఉందని ఒప్పుకుంటే జాలిపడతారు. లేదంటే, దాచిపెట్టింది అంటారు. లేని నొప్పిని నేను ఎక్కణ్ణుంచి తెచ్చేది?

ఫిబ్రవరి 10, సోమవారం

ట్రైనింగ్ గది తాళం ఒకటి నా దగ్గర ఉంటుంది. అందరికంటే ముందు వెళ్ళి, ఫోటో ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏడేళ్ళలో ఆ అద్దాన్ని ఎన్నిసార్లు తుడిచి ఉంటానో. ఇవాళ మొదటిసారి పేషెంటు బొమ్మని చూసినట్టు చూశాను.

తిత్తి లేదు. అప్పటికింకా రాలేదు. అండాశయాలు ఎక్కడున్నాయి? గర్భాశయానికి చెరో పక్క, దూరదూరంగా ఉండాలి. ఒకటి దొరికాక రెండో దాని కోసం ప్రోబ్ తిప్పుకుంటూ వెళ్ళాలి, కొందరిలో వెతికి వెతికి చెయ్యి నొప్పి పుడుతుంది. నా బొమ్మలో వెతకక్కర్లేదు. రెండూ గర్భాశయం వెనక్కి వచ్చేసి ఒకదానికొకటి ఆనుకుని కూర్చున్నాయి, ఎవరో తాడు వేసి లాగి కట్టినట్టు. అందుకే మూడూ ఒకే ఫ్రేములో పడ్డాయి. సార్ మురిసిపోయిన ఆ కుదురే జబ్బు. మాకు తిత్తుల్ని పట్టుకోవడం వచ్చు. అతుక్కోవడాన్ని చూడటం ఎవరూ నేర్పలేదు, మేమూ ఎవరికీ నేర్పలేదు.

ఇంకొకటి ఉంది.

నాలుగేళ్ళ కిందట పిల్లల కోసం నాకూ స్కానింగ్ రాశారు. మన సెంటర్ ఉండగా బయటికెందుకని సార్ తనే చేస్తానన్నారు. "గోడ మీద బొమ్మకి మళ్ళీ స్కానింగ్ ఏమిటమ్మా" అని నవ్వుతూ ప్రోబ్ పెట్టారు. గదిలో లైట్లు కూడా ఆర్పలేదు. కొత్తగా చేరిన ట్రైనీకైనా మేము మొదట నేర్పేది అది, లైట్లు ఆర్పకపోతే స్క్రీన్ మీద సన్నవి కనబడవని. ఆయన ఆర్పలేదు. ఒక్క నిమిషం చూసి, ఫోటో గుర్తు తెచ్చుకుని, "అక్కడున్నదే ఇక్కడా ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు" అన్నారు. నార్మల్ అని రాశారు.

తేడా ఎందుకు ఉంటుంది? నన్ను నాతోనే పోల్చి చూశారు.

ఆ మాట విని నేనూ నవ్వాను. టేబుల్ మీద పడుకుని, లైట్ల వెలుతురులో, పళ్ళన్నీ కనబడేలా నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తోంది. ఎన్ని చూసినా మనది మనకి కనబడదనుకుని ఊరుకుందామా? ఊరుకోను. నా సంగతి సరే. ఏడేళ్ళుగా ఆ గదిలో కూర్చుని నేర్చుకుని వెళ్ళిన ప్రతి ట్రైనీ, ప్రతి ఆడదాని పొట్టనీ నా జబ్బుతో పోల్చి చూస్తున్నారు. ఆ ఫోటో దిగాలి.

ఫిబ్రవరి 13

సార్‌తో మాట్లాడాను. చెడ్డవారని రాయడానికి వీల్లేకుండా మాట్లాడారు. అదే నాకు మరీ కోపం తెప్పించింది. కూర్చోబెట్టారు, నీళ్ళు ఇచ్చారు, నా కొత్త స్కానింగులన్నీ ఓపిగ్గా చూశారు. ట్రైనింగ్ గదికి వచ్చి ఫోటో దగ్గర కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుకుంటూ నిలబడ్డారు. ఉంటే ఉండొచ్చమ్మా అన్నారు. అప్పటి మెషీన్లు అలాంటివి, అప్పుడు ఎవరూ అలా నొక్కి చూసేవాళ్ళు కాదు అన్నారు.

మరి తీసేద్దాం సార్ అన్నాను. ఇన్నేళ్ళు ఉన్నది ఇప్పుడు తీస్తే ఎందుకు తీశారని అడుగుతారు, ఏం చెప్పాలి అన్నారు. నిజం చెబుదాం అన్నాను. మనం నార్మల్ అని పంపిన వాళ్ళల్లో పిల్లలు లేక తిరుగుతున్నవాళ్ళనైనా పిలిచి మళ్ళీ చూద్దాం అన్నాను.

"నొప్పి లేని మనిషిని పిలిచి నీకు జబ్బుందని చెబితే ఏం ఒరుగుతుందమ్మా? ఉన్న ప్రశాంతత పోగొట్టడం తప్ప."

"నాకు నాలుగేళ్ళు పోయాయి సార్."

"నాలుగేళ్ళ కిందట తెలిస్తే మాత్రం పిల్లలు పుట్టేవాళ్ళని గ్యారంటీ ఉందా?"

ఆయన నా భుజం తట్టి వెళ్ళిపోయారు. ఆ గదిలోనే నిలబడి ఫోటోకేసి చూస్తూ, అనాల్సినవన్నీ అన్నాను. వినడానికి ఎవరూ లేరు.

ఫిబ్రవరి 14

గ్యారంటీ లేదు.

గ్యారంటీ లేదు. ఒప్పుకుంటాను. అయినా ఆ నాలుగేళ్ళు నావి. వాటితో ఏం చేసుకునేదాన్నో, ఏం చేసుకోకుండా ఉండేదాన్నో నేను చూసుకునేదాన్ని. లైట్లు ఆర్పడానికి గ్యారంటీ కావాలా?

ఫిబ్రవరి 16, ఆదివారం

మా ఆయనతో పెద్ద గొడవ. మొదలైంది వేడినీళ్ళ దగ్గరే. ఇవాళ కూడా పాట. బయటికి రాగానే, నాకు జబ్బొస్తే మీకు పండగలా ఉందే అన్నాను. తల తుడుచుకుంటూ ఆగిపోయారు. పండగ కాదు అన్నారు. మరి ఆ పాటేమిటి అన్నాను. వెచ్చగా ఉంది, వచ్చేసింది అన్నారు. నాకింకా మండింది. అక్కకి చెప్పారు, మా అమ్మకి చెప్పారు, ఇక ఆ లిఫ్టుల్లో ఎక్కి దిగేవాళ్ళకి కూడా చెప్పండి అన్నాను.

ఆయన కోపం వస్తే అరిచే మనిషి కాదు. మంచం అంచున కూర్చుని నేల చూస్తూ చెప్పారు.

"నాలుగేళ్ళు మీ అక్కాచెల్లెళ్ళ ఇళ్ళకి వెళ్ళిన ప్రతిసారీ నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఒక్కసారి నేను కూడా ఇంకోచోట చూపించుకుంటాను అని నువ్వు అనలేదు. నేనే అడిగాను. గుర్తుందా?"

గుర్తులేదన్నాను.

"నాకెందుకు, నాది గోడ మీద ఉంది కదా అన్నావు."

అది అబద్ధం. నేను అలా అనలేదు.

ఆయన్ని నేను ఒక్కనాడు ఒక్క మాట అనలేదు.

అన్నానేమో. అంటే సరదాకి అని ఉంటాను. ఒకసారి. ఇంకోసారి వదిన ఎదురుగా. అప్పుడు అందరం నవ్వాం, ఆయన కూడా నవ్వారు. నవ్వారనే అనుకుంటున్నాను.

నాకు ఈ ఇంట్లో అందరి మీదా కోపంగా ఉంది. ఇద్దరమే ఉన్నాం ఈ ఇంట్లో.

ఫిబ్రవరి 17

ఇవాళ పొద్దున్న వేడినీళ్ళ కుళాయి చప్పుడు లేదు. చన్నీళ్ళే పోసుకున్నట్టున్నారు. ఇది ఇంకో రకం పోట్లాట. పోసుకోండి వేడివే అని తలుపు కొట్టి చెప్పాను.

ఫిబ్రవరి 20, గురువారం

ఇవాళ జరిగింది వరసగా రాయాలి, లేకపోతే రేపు నాకే నమ్మకం కుదరదు.

మా ట్రైనీల్లో తెలివైనదాన్ని మేము డిక్షనరీ అంటాం, ఏది అడిగినా జవాబు నోట్లోనే ఉంటుంది. అది కాగితం పట్టుకుని నా దగ్గరకి వచ్చింది. లోపల టేబుల్ మీద ఒకావిడ ఉంది మేడమ్, స్కూల్లో ఆటల టీచరు, పిల్లల కోసం చూపించుకోమన్నారట, నొప్పీ గిప్పీ ఏమీ లేదంటోంది, కానీ అండాశయాలు రెండూ తప్పు చోట ఉన్నాయి అంది. తప్పు చోట అంటే ఏమిటే అన్నాను. దూరంగా ఉన్నాయి మేడమ్, చెరో పక్కకి వెళ్ళిపోయాయి, ఒక ఫ్రేములోకి రావడం లేదు అంది. ఫ్యామిలీ ఫోటోలా లేవు, లోపం ఉందని రాయమంటారా అంది.

ఆ పిల్ల తప్పేముంది? చూపించినదాన్ని శ్రద్ధగా నేర్చుకుంది. దాని కంటికి నేను నార్మల్, ఆ టీచరమ్మ రోగి.

లోపలికి వెళ్ళేసరికి ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుని ఉంది. డిక్షనరీ తను చూసినదంతా ఆవిడ ముందే పైకి అనేసిందట. పొడుగ్గా, దిట్టంగా, మెడలో ఈలతో ఉన్న మనిషి. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. లైట్లు ఆర్పాను. కంపెనీ అమ్మాయి చేసినట్టే ఒక చేత్తో ప్రోబ్ పెట్టి రెండో చేత్తో నొక్కాను. ఎడమది జారింది. ప్రోబ్ తిప్పుకుంటూ చాలా దూరం వెళ్ళి వెతికితే కుడిది దొరికింది. నొక్కితే అదీ జారింది. ఇంత హాయిగా జారడాన్ని నేను ఇన్నేళ్ళలో ఆగి చూడలేదు. ఇదీ నార్మల్ అంటే. నాలో ఎన్నడూ లేనిది.

అసూయ పడ్డాను. రాస్తున్నాను కదా, ఎవరూ చదవరు కదా. ఆవిడ పొట్ట మీద చెయ్యి పెట్టి, ఎంత అసూయ పడ్డానో నాకే భయం వేసింది. తర్వాత స్క్రీన్ ఆవిడ వైపు తిప్పాను. మామూలుగా మేము తిప్పం. ఇవి రెండూ మీ అండాశయాలు, దూరంగానే ఉండాలి, ఇలా కదలాలి, ఈ స్కానింగులో నాకు ఏ లోపమూ కనబడలేదు అన్నాను. ఆవిడ చాలాసేపు చూసింది.

"మరి ఇందాక ఆ అమ్మాయి లోపం అంటే మా ఆయనకి ఫోన్ చేసి చెప్పేశానండీ. ఇప్పుడు ఎవరి మాట నమ్మాలి ఆయన?" అంది.

రిపోర్టు మీద సార్ సంతకం పెట్టకముందే ఆవిడ భర్తకి నేనే ఫోన్ చేసి మాట్లాడాను. అలా చెయ్యకూడదు. చేశాను. ఫోన్ పెట్టేసి ట్రైనింగ్ గదికి వెళ్ళి ఫోటో దించేశాను. దాని వెనక గోడ మీద తెల్లటి చదరం, మిగతా గోడంతా ఇంత మాసిందని అప్పుడే తెలిసింది. ఖాళీగా వదిలేద్దామనుకున్నాను. ఖాళీగా వదిలేస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. ఫోటోని ఇంటికి తెచ్చుకున్నాను.

భోజనం బల్ల మీద పెడితే మా ఆయన చూశారు. ఆయన ఇన్నాళ్ళూ దాన్ని చూడలేదట, వినడమే. ఏది ఏమిటో వేలు పెట్టి చెప్పాను. ఏది ఎక్కడ ఉండాలో, నాలో ఎక్కడికి వచ్చేశాయో చెప్పాను. ఏం చేద్దామనుకుంటున్నానో కూడా చెప్పాను. ఆయన వింటూ వింటూ లేచి పనిసంచీలోంచి డ్రిల్లు తీసి ఛార్జింగ్ పెట్టారు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం. ట్రైనింగ్ గదిలో ఆయన పాత మేకు పక్కన ఇంకో రంధ్రం చేసి మేకు దించారు. పాత ఫోటో పాత చోటే పెట్టాం. దాని పక్కన ఈ నెల తీసిన బొమ్మ, తిత్తితో సహా. పాతదాని కింద 'నార్మల్' అన్న కాగితం చించేసి నా చేత్తో కొత్తది రాశాను: ఇది నార్మల్ కాదు. ఈ రెండు బొమ్మలూ ఒకే మనిషివి. మధ్యలో ఏడేళ్ళు. నొప్పి ఎప్పుడూ లేదు. కింద నా పూర్తి పేరు రాశాను.

ఆయన డ్రిల్లు సంచీలో పెట్టుకుంటూ రెండింటినీ మార్చి మార్చి చూశారు. "నువ్వు ఇన్నేళ్ళు దీన్ని తుడిచావు. నేను చన్నీళ్ళు పోసుకున్నాను" అన్నారు. ఎగతాళిగా అనలేదు. నేనూ కోపంగా వినలేదు. వచ్చే వారం డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం వెళ్దామన్నారు. సరేనన్నాను. వదినకి మాత్రం చెప్పొద్దన్నాను. పనికి టైం అవుతోందని వెళ్ళిపోయారు.

ట్రైనీలు వచ్చారు. గుంపుగా నిలబడి చదివారు. డిక్షనరీ ఒకసారి పేరు చూసింది, ఒకసారి నన్ను చూసింది. దాని దగ్గర జవాబు లేకపోవడం నేను చూడటం ఇదే మొదలు. ఆ వెనకే సార్ వచ్చారు. కళ్ళజోడు సర్దుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. మొహం ఎర్రబడింది. ట్రైనీల ముందు గొంతు పెంచలేదు.

"పేషెంటు పేరు గోడ మీద పెట్టకూడదని తెలియదా నీకు?"

"తెలుసు సార్. పేషెంటుని అడిగాను. ఒప్పుకుంది."

ఫోటో తియ్యమ్మా అన్నారు, మెల్లిగా. మీరే తియ్యండి సార్ అన్నాను. ఆయన చెయ్యి ఫ్రేము అంచుదాకా వెళ్ళింది. ట్రైనీలందరూ ఆ చేతినే చూస్తున్నారు. ఆ చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు. సాయంత్రం మాట్లాడదాం అని వెళ్ళిపోయారు. సాయంత్రం పిలుస్తారు. పిలిస్తే వెళ్తాను. నా కోపం ఎక్కడికీ పోలేదు, అప్పటికి కూడా ఉంటుంది.

బయట బెంచీ మీద ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. మొదటావిడని లోపలికి పిలిచాను. నొప్పి ఏమైనా ఉందా అని అడిగాను. ఏమీ లేదండీ అంది. సరే, పడుకోండి, జెల్ బాగా చల్లగా ఉంటుంది అని చెప్పి, వెళ్ళి లైట్లు ఆర్పాను.